చుక్కల రాయికి లెక్కల పేరు

నల్లటి పలక మీద బంగారు రజను చల్లినట్టుంటుంది. హోటలు గుమ్మంలో, బ్యాంకు కౌంటరు మీద, కొత్తగా కట్టుకున్న ఇంటి వంటగట్టు మీద... ఎక్కడ కనిపించినా 'గెలాక్సీ గ్రానైట్' అని ఇట్టే పోల్చేస్తారు. దేశదేశాలకు వెళ్లే ఆ రాయి పుట్టిల్లు ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి. తమాషా ఏమిటంటే, అందరూ గ్రానైట్ అని పిలిచే ఈ రాయి అసలు గ్రానైటే కాదు! ఆ సంగతి తేల్చింది దాని రంగూ మెరుపూ కాదు, లెక్క. ఒకప్పుడు రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుంటేగానీ తేలని ఆ లెక్కకు ఇప్పుడు కంప్యూటరు తోడొచ్చింది.

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా వస్తుంది చీమకుర్తి. పేరులో చీమ ఉన్నా ఇక్కడ కనిపించేవన్నీ ఏనుగుల్లాంటి రాతి దిమ్మెలే. రామతీర్థం వైపు వెళ్తే క్వారీలు మొదలవుతాయి. అంచున నిలబడి చూస్తే మెట్లు మెట్లుగా లోపలికి దిగిపోయిన గొయ్యి, అడుగున బొమ్మల్లా కదిలే యంత్రాలు. వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగ గిరగిరా తిరుగుతూ, మీద నీళ్లు పడుతుండగా, కొండను జున్నుముక్కలా కోస్తుంటుంది. పగుళ్లు, చారలు లేని బ్లాకులే లారీ ఎక్కుతాయి. మిగతాదంతా పక్కన గుట్టలుగా పేరుకుంటుంది. దూరం నుంచి చూస్తే ఏది కొండో, ఏది వ్యర్థాల గుట్టో పోల్చుకోవడం కష్టం.

బ్లాకు కొనడానికి వచ్చినవాళ్లు దాని మీద నీళ్లు చల్లి చూస్తారు. తడి తగలగానే నలుపు నిగ్గుతేలి, చుక్కలు పైకి కనిపిస్తాయి. అవి పెద్దవా చిన్నవా, దగ్గరగా ఉన్నాయా ఎడంగా ఉన్నాయా, పలకంతా ఒకేలా పరుచుకున్నాయా... బేరం వీటి మీదే సాగుతుంది. అంటే ఇక్కడ రాతి కూర్పును కంటితోనే కొలుస్తారన్నమాట. భూగర్భ శాస్త్రవేత్తలు చేసేదీ ఆ పనే. కాకపోతే వాళ్లు అంకెల్లో చెబుతారు.

పాళ్లు మారితే పేరు మారుతుంది

రాతి వ్యాపారంలో గట్టిగా ఉండి, నునుపుగా పాలిష్ పట్టే రాయి చాలామటుకు గ్రానైటే. శాస్త్రవేత్తల లెక్క వేరు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ స్ట్రెకైజెన్ నేతృత్వంలో 1970లలో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, పలుగురాయి అని మనం పిలిచే క్వార్ట్జ్, రెండు రకాల ఫెల్‌స్పార్... ఈ మూడింటి మొత్తంలో క్వార్ట్జ్ వాటా 20 నుంచి 60 శాతం ఉండాలి. అప్పుడే అది గ్రానైట్ కుటుంబంలోకి వస్తుంది.

చీమకుర్తి రాయిలో క్వార్ట్జ్ దాదాపు లేనట్టే. అందులో ఉన్నది ప్రధానంగా ప్లేజియోక్లేజ్ అనే ఫెల్‌స్పార్, దానికి తోడు రెండు రకాల పైరాక్సీన్. వంద కోట్ల ఏళ్లకు పూర్వం భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి ఇలా గడ్డకట్టింది. దీని శాస్త్రీయ నామం గ్యాబ్రోనొరైట్. బంగారంలా మెరిసేది బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజం. దాని లోపల ఇనుము, టైటానియం ఉన్న సన్నసన్నని రేకులు వరుసగా పేర్చి ఉంటాయి. వాటి మీద వెలుతురు పడి తిరిగిరావడం వల్లే ఆ కంచు మెరుపు.

ఈ రాతిలోనూ పాళ్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. ప్లేజియోక్లేజ్ 90 శాతం దాటిందంటే దాన్ని అనార్థోసైట్ అనాలి. చీమకుర్తిలో అదీ ఉంది. ఒకే కొండలో కాస్త దూరంలోనే రాయి పేరు మారిపోతుందన్నమాట. మరి ఆ 90 శాతాన్ని కొలిచేదెలా?

తగరం రేకు నుంచి పిక్సెల్ దాకా

దీనికి తొలి దారి చూపింది ఫ్రాన్స్‌కు చెందిన అషీల్ డెలెస్. రాతిని కోసిన తలం మీద ఒక ఖనిజం ఎంత వైశాల్యం ఆక్రమిస్తుందో, మొత్తం రాతిలోనూ దాని పాలు అంతే ఉంటుందని 1847లో చెప్పాడు. ఆ వైశాల్యం కోసం ఆయన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నునుపు చేసిన రాతి మీద పల్చటి కాగితం పెట్టి ఖనిజాల అంచులు గీసుకుని, ఆ కాగితాన్ని తగరం రేకుకు అంటించి, ఒక్కో ఖనిజం ఆకారాన్నీ కత్తిరించి, చివరికి ఆ ముక్కల్ని త్రాసులో తూచాడు!

1898లో ఆగస్ట్ రోసివాల్ ఆ కత్తిరింపులు మాన్పించి, రాతి మీద గీతలు గీసి పొడవులు కొలిస్తే చాలన్నాడు. 1933లో రష్యా శాస్త్రవేత్త గ్లాగొలెవ్ గీతలు కూడా వద్దు, వరుసగా చుక్కలు పెట్టుకుని ఒక్కో చుక్క కింద ఏ ఖనిజం ఉందో లెక్కపెట్టండన్నాడు. రాతి ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలక మీద అతికించి, మైక్రోస్కోపు కింద పెట్టి వెయ్యి చుక్కల దాకా లెక్కించడం ఆ తర్వాత విద్యార్థులకు తప్పనిసరి పాఠమైంది.

ఇప్పుడు ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లలో ఒకదానిది వింత కథ. దాని పేరు ఇమేజ్‌జె. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బాండ్ 1997లో దీన్ని తెచ్చాడు. ఉద్దేశం జీవకణాల ఫొటోల్ని విశ్లేషించడం. ఉచితంగా దొరకడంతో రాళ్లవాళ్లూ అందిపుచ్చుకున్నారు. కణాల్ని లెక్కపెట్టగలిగినది ఖనిజాల్ని లెక్కపెట్టలేదా?

పద్ధతి కష్టమేం కాదు. ముందు ఫొటోలో ఎన్ని పిక్సెళ్లు ఒక మిల్లీమీటరో చెప్పాలి. తర్వాత ఫొటోను నలుపు తెలుపుల్లోకి మారిస్తే ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 లోపు ఓ అంకె వస్తుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లని తెలుపు. ఫలానా అంకె దాటినవన్నీ మెరుపు చుక్కలని గీత గీస్తే చాలు, మిగతాది యంత్రం చూసుకుంటుంది. పొడవూ వెడల్పూ వెయ్యేసి పిక్సెళ్లున్న ఫొటోలో 60 వేల పిక్సెళ్లు మెరిశాయనుకోండి, ఆ ఖనిజం పాలు 6 శాతం. ఎన్ని చుక్కలున్నాయి, ఒక్కోటి ఎంత పెద్దది అన్నదీ క్షణాల్లో తెరమీదికి వస్తుంది.

దొంగాట ఆడే ఖనిజాలు

ఇంతటితో అయిపోతే బాగుండేది. గెలాక్సీ పలకను వెలుతురులో కాస్త వంచితే మెరుస్తున్న చుక్కలు కొన్ని ఆరిపోతాయి, అప్పటిదాకా కనిపించనివి వెలుగుతాయి. బ్రాంజైట్‌లోని రేకులు ఒక్కో చుక్కలో ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి మరి. ఒక్క ఫొటోతో సరిపెట్టుకుంటే లెక్కలో సగానికి పైగా ఎగిరిపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే దీపాన్ని ఒక్కో దిక్కు నుంచీ వేసి వరసగా ఫొటోలు తీయాలి.

మైక్రోస్కోపు కిందా అదే దొంగాట. ధ్రువణ కాంతిలో స్లైడును తిప్పుతుంటే పారదర్శక ఖనిజాలు సైతం కొన్ని కోణాల్లో పూర్తిగా నల్లబడతాయి. ఆ క్షణంలో తీసిన ఫొటోలో అవి ఇనుప ఖనిజాల్లాగే ఉంటాయి. యంత్రానికి రెండూ ఒకటే నలుపు. తిప్పితే తిరిగి వెలిగేది ఫెల్‌స్పార్, ఎంత తిప్పినా వెలగనిది ఇనుప ఖనిజం అని పోల్చాల్సింది అనుభవమున్న కన్నే. ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్లకు 'ఇది ఫలానా, అది ఫలానా' అని కొన్ని నమూనాలు చూపిస్తే మిగతావి అవే గుర్తుపడుతున్నాయి. అయితే ఆ మొదటి పాఠం తప్పు చెబితే, తప్పునే చకచకా లక్షలసార్లు చేసిపెడతాయి.

ఊపిరికీ లెక్కుంది

రాతికి ఏ పేరుంటే ఏమిటన్న ప్రశ్నకు క్వారీ దుమ్ములోనే జవాబుంది. కోతలో లేచే దుమ్ములోని క్వార్ట్జ్ ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. వస్తే పూర్తిగా నయం చేసే మందు లేదు. పేరుకు రెండూ 'గ్రానైట్' అయినా, క్వార్ట్జ్ నిండుగా ఉన్న రాతి దుమ్మూ, అది దాదాపు లేని రాతి దుమ్మూ ఒకటి కావు. అలాగని గెలాక్సీ కోసే చోట ధీమాగా ఉండడానికీ లేదు. పాలిష్ పట్టే కర్మాగారానికి ఒకే రకం రాయి రాదు, ఏ దుమ్మయినా అదే పనిగా పీలిస్తే మంచిది కాదు. నీళ్లు చల్లుతూ కోయడం, మాస్కు కట్టుకోవడం తప్పనిసరి. ఏ రాయి దగ్గర ఎంత ప్రమాదమో ముందే చెప్పగలిగేది మాత్రం ఆ పాళ్ల లెక్కే. వ్యాపారం పెట్టిన పేరులో ఆ సంగతి ఉండదు.

మీ వంటగట్టు కూడా చీమకుర్తి రాయే అయితే, ఈసారి దాని ముందు నిలబడినప్పుడు తల ఓసారి అటు, ఓసారి ఇటు వంచి చూడండి. చుక్కలు ఎన్నని అడిగితే వెంటనే చెప్పలేరు. కంప్యూటరూ అంతే... అన్ని వైపుల నుంచీ చూస్తేనే చెబుతుంది!