వైసుకు పులుసు

జగ్గయ్యపేటలో పుట్టింటి సామాన్లు పంచుకునేటప్పుడు నేనేం అడిగానో తెలిస్తే మీరూ నవ్వుతారు. వదిన మా అమ్మ పట్టుచీర తీసి చేతిలో పెట్టబోతే, "అది నువ్వుంచుకో వదినా, నాకు నాన్న వైసు కావాలి" అన్నాను. వైసంటే బల్లకు బిగించి, ఇనప సామాన్ని దవడల మధ్య కదలకుండా పట్టుకునే సాధనం. నాన్న మంచాన పడ్డప్పటినుంచీ పెరట్లో తుప్పుపట్టి పడివుంది. పాత ఇనప సామాన్లవాడు అప్పటికే కాటా తెచ్చేశాడు.

"పదిహేను కిలోలుంటుంది. మోసుకుపోయి ఏం చేస్తావే?" అన్నాడు అన్నయ్య.

ఏం చెప్పను? చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దానికి యాభై ఏళ్ళు దాటాయి. ఇంకో నెల ఆగితే మునిగిందేముందిలే అనుకున్నాను.

అక్కణ్ణించి మా నందిగామ సుమారు 30 కిలోమీటర్లు. 2022 నుంచి రెండూళ్ళూ ఎన్టీఆర్ జిల్లా అయినా, నా నోటికి కృష్ణా జిల్లాయే వస్తుంది. గోనెసంచిలో కట్టి, బస్సులో కాళ్ళదగ్గర పెట్టుకున్నాను. కండక్టరు "బియ్యమా అమ్మా?" అంటే, "పుట్టింటి సారె బాబూ" అన్నాను.

నాన్న ఆయిలింజన్లు బాగుచేసేవారు. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళు వదిలారన్న మాటేగాని, ఆ నీళ్ళెక్కని మెట్ట చేలు మా వైపు బోలెడు. వాటికి బావీ, ఆయిలింజనూ దిక్కు. రైతులు ఇంజను ముక్కలు సైకిలుకి కట్టుకొచ్చేవాళ్ళు. ఆ వైసుమీదే వీధి వీధందరి స్టవ్వులూ వూరికే బాగుపడేవి. దానికి అమ్మ సణుగుడు వేరే కథ.

ఇక వెనక వరండాలో నా మరమ్మతు మొదలు. మర అంగుళం కదిలితే ఒట్టు. పెట్రోలు బంకునుంచి డీజిలు తెప్పించి రాత్రంతా నాననిచ్చాను. మా ఇంట్లో సుత్తి లేదు. రోకలికి గుడ్డ చుట్టి మెల్లగా తట్టాను. అది పోత ఇనుము. గట్టిగా మోదితే మన ఆవకాయ జాడీలాగే పగులుతుంది. మూడోరోజుకి కిర్రుమంది.

వూడదీశాక తుప్పుకి చింతపండు పట్టించాను. ఇత్తడి బిందెలు తోమే విద్యే, కొత్తదేంకాదు. నల్లబడ్డ పాత చింతపండు చిక్కగా పిసికి, అందులో రెండు రాత్రులు వుంచాను. మావారు తొంగిచూసి, "ఇవాళ వైసుకి పులుసా, మాకేమైనా వుందా?" అన్నారు. ఒక్క మాట, మీరెవరైనా చేస్తే పులుసులో వారాలతరబడి వదిలెయ్యకండి, ఇనుమునీ తినేస్తుంది. కడిగి, వంటసోడా నీళ్ళలో తొలిచి, ఎండలో ఆరబెట్టి వెంటనే నూనె రాయాలి. మొదటిసారి నేను కాఫీ తాగొచ్చేలోపలే మళ్ళీ ఎర్రబడి కూచుంది!

వైరు బ్రష్షుతో రుద్దుతుంటే అడుగున నీలిరంగు బయటపడింది. తర్వాత అక్షరాలు: రికార్డు, షెఫీల్డు, ఇంగ్లండు. చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు ముక్కలవే. మర ఎంత ముచ్చటగా వుందనుకున్నారు! మామూలు బోల్టు గాళ్ళు కోసుగా వుంటాయి. దీనివి పలకలు పలకలుగా వున్నాయి. ఎంత బిగించినా తట్టుకోవడానికట.

మిగిలింది హేండిలు. నడిమికి వంగివుంది. హైవేపక్క లేత్ షాపు అబ్బాయికి చూపించాను.

"ఎవరో గొట్టం తగిలించి తిప్పారు పిన్నిగారూ. ఇది మెత్తటి ఇనుము. వంగబట్టి సరిపోయింది. ఇది వంగకపోతే దవడో, లోపల నట్టో పగిలేది. పోత ఇనుము అతకడం మహా కష్టం. సాపు చేసెయ్యనా?"

"ఇప్పుడే వద్దులే బాబూ" అన్నాను.

ఆ గొట్టం తగిలించింది నేను. 1971, సంక్రాంతి ముందు. బుర్రగుంజు కోసం తాటిటెంక పగలగొడదామని బోరింగు గొట్టం తొడిగి వేలాడాను. టెంక పగల్లేదు, హేండిలు వంగింది. సాయంత్రం నాన్న చూసి అన్నయ్యను పిలిచారు. కొట్టలేదు. "ఇకమీదట నా సామాను ముట్టుకోకు" అన్నారంతే. తలుపుచాటున నేను నోరు మెదపలేదు. పదమూడేళ్ళకే ఇంజను విప్పి బిగించే అన్నయ్య, మళ్ళీ ఆ వసారాలో అడుగుపెట్టలేదు. బి.కాం. చదివి గుమాస్తా అయ్యాడు. అదంతా నావల్లేనని అనను. కాదనీ అనలేను.

ఆ రాత్రి ఫోనులో చెప్పేశాను. అవతల చాలాసేపు మాట లేదు.

"నేనూ ఆ పొద్దున గొట్టం పెట్టి తిప్పానే. నావల్లే వంగిందనుకున్నాను" అన్నాడు చివరికి. తర్వాత, "నాన్నకు చెప్పావా?"

"లేదన్నయ్యా."

ఫోను పెట్టేశాడు.

ఆదివారం వదినతో దిగాడు. కాఫీ తాగాడు, పేపరు చదివాడు, వరండాకేసి చూడలేదు. భోజనాలయ్యాక తనే లేచివెళ్ళి, వేలితో మర తడిమి, "గ్రీజు ఇంతా పులమడం? రజను అంటుకుంటుంది" అని గుడ్డ అడిగాడు. తుడిచాక హేండిలు బయటికి లాగి ఎండకేసి పట్టుకు చూశాడు.

"కుంపట్లో ఎర్రగా కాలిస్తే సాపవుతుంది. సుత్తేదే?" అన్నాడు.

మావారు సుత్తి కోసం పక్కింటికి పరుగెత్తారు.