లోపలా? బయటా?

కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి నన్ను ఒక్క మాటే అడిగింది. ఇక్కడ కూర్చొని తింటారా, తీసుకుపోతారా? ఆ ఒక్క మాటకే నా నాలుక పిడచకట్టుకుపోయింది. 2024 మే నెల. లండన్‌లో ఒక చిన్న కాఫీ దుకాణం. నా వెనక లైనులో పదిమంది ఉన్నారు. "తీసుకపోత" అన్నాను. చినుకుల్లో బస్టాపు బెంచీ మీద కూర్చొని ఆ చల్లటి శాండ్‌విచ్ తిన్నాను. దుకాణం అద్దంలోంచి ఖాళీ కుర్చీలు కనపడుతూనే ఉన్నాయి.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. మాదిగ బిడ్డను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. జీపీఎఫ్‌లో లోను తీసి, శాఖ అనుమతి పత్రం పట్టుకొని, ఎండాకాలం సెలవుల్లో తమ్ముణ్ణి చూడటానికి పోయాను. అంత దూరం పోయినదాన్ని ఒక కుర్చీకి ఎందుకు భయపడ్డానో చెప్పాలంటే మిమ్మల్ని మా ఊరి హోటలు దగ్గరికి తీసుకుపోవాలి.

అక్కడ మమ్మల్ని లోపలా బయటా అని ఎవరూ అడగలేదు. అడిగే పనే లేకుండె. చూరు కింద మావాళ్ల గిలాసలు వేరేగా బోర్లించి ఉండేవి. నాయిన ఒకటి తీసుకొని, తొట్టికాడ కడుక్కొని, కింద పెట్టి పక్కకు జరిగేవాడు. పైనుంచి చాయ్ పోసేవాళ్లు. తాగినంక మళ్లీ కడిగి అక్కడే బోర్లించాలి. పైసలు మాత్రం లోపల బెంచీ మీద కూర్చున్న పటేలు ఎంత ఇచ్చేవాడో నాయినా అంతే ఇచ్చేవాడు. గిలాస కడిగిన కూలి ఎవ్వడూ లెక్కగట్టలేదు.

ఆ రాత్రి నా ముచ్చట విని తమ్ముడు నవ్వాడు. వాడు సర్కారు ఓవర్సీస్ విద్యానిధి మీద అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. "అది కులం లెక్క కాదక్కా, పన్ను లెక్క" అన్నాడు. బ్రిటన్‌లో శాండ్‌విచ్ లాంటి చల్లటి తిండి కొని బయటికి తీసుకుపోతే దాని మీద వ్యాట్ ఉండదు. అదే లోపల కూర్చొని తింటే 20 శాతం. చాలా హోటళ్లలో బిల్లు కింద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జి కలుపుతారు. వద్దంటే తీసేస్తారు. కానీ వద్దనడానికి నోరు రావాలి కదా.

చౌకగా తినాలంటే మీల్ డీల్ ఉంది. ఒక శాండ్‌విచ్, ఒక చిరుతిండి, ఒక డ్రింకు. అప్పుడు టెస్కోలో క్లబ్‌కార్డు ఉన్నవాళ్లకు 3.40 పౌండ్లు, లేనివాళ్లకు 3.90. పౌండుకు 105 రూపాయల లెక్కన 357 రూపాయలు. ఆ ఏడు మా అమ్మకు ఉపాధి హామీ పనిలో రోజుకూలి 300. పొద్దంతా మట్టి మోసినా ఆ పొట్లం రాదు. హోటల్లో అంట్లు తోమే మా తమ్మునికి అక్కడ గంటకు 11.44 పౌండ్లు. గంట పనికి మూడు పొట్లాలు. అయితే చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. అందులో కిరాయి పోవాలి.

మూడోనాడు వాని గది సర్దుతుంటే సగం బ్రెడ్డు, నాలుగు ఉల్లిగడ్డలు, అమ్మ పంపిన పచ్చడి సీసా తప్ప ఏమీ దొరకలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. పొద్దున తినడం మానేశాడట. మధ్యాహ్నం కాలేజీ దగ్గర హరేకృష్ణ వాళ్లు పెట్టే ఉచిత భోజనం. ఆదివారం సౌతాల్ గురుద్వారా. ఫోన్‌లో మాత్రం రోజూ బిర్యానీయే తిన్నాడు!

"మొదట్ల అందరం కలిసి వండుకునేటోళ్లం కదరా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఈస్ట్ హామ్‌లో తెలుగువాళ్లు కలిసి ఉన్న ఇంట్లో చేరాడు. నాలుగు రోజులకు ఇంటిపేరు అడిగారు. వారం తిరగకముందే వీని వంట వేరైంది. కలిసి వండుకుంటే మనిషికి రెండు పౌండ్లు పడే తిండి ఒక్కడికే అయ్యేసరికి అయిదు పౌండ్లయింది. వాడు ఇల్లు మారాడు. చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మూడు పౌండ్లు ఏ పన్ను కింద రాసుకోవాలో మీరే చెప్పండి.

ఆ ఆదివారం నన్నూ గురుద్వారాకు తీసుకుపోయాడు. తలకు గుడ్డ కట్టుకొని నేల మీద వరుసలో కూర్చున్నాం. రొట్టె, పప్పు పెట్టారు. ఎవరని అడగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే సౌతాల్‌లో గురు రవిదాస్ పేరు మీద మనోళ్లు వేరే గుడి కట్టుకున్నారని కూడా తెలిసింది. ఎందుకు కట్టుకున్నారో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరునాడు కింగ్ హెన్రీస్ రోడ్డులో పదో నంబరు ఇంటికి పోయాం. 1921-22లో బాబాసాహెబ్ ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. ఆయన లండన్‌లో అర్ధాకలితో చదివి, రాత్రిపూట అప్పడాలతో కడుపు మభ్యపెట్టుకున్న సంగతి ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఉంది. 1923లో ఆయనకు డీఎస్సీ తెచ్చిన సిద్ధాంతగ్రంథం రూపాయి సమస్య మీద. నీలికోటు పటాలు చూసి పెరిగినవాళ్లం. ఆ కోటు కింద కడుపు ఎట్లుండెనో ఆలోచించలేదు.

"బాబాసాహెబే అట్ల ఉన్నడు గదక్కా" అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. "ఆయన పస్తులున్నది నువ్వు మళ్ల పస్తులుండనీకి కాదురా" అని వాని చెయ్యి పట్టుకొని దగ్గర్లో ఉన్న హోటలుకు గుంజుకుపోయాను. "లోపలనే" అన్నాను, ఎవరూ అడగకముందే.

కిటికీ పక్కన కూర్చున్నాం. చేప, ఆలుగడ్డ వేపుడు చెప్పాం. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న హోటళ్లు అడిగినవాళ్లకు తాగే నల్లా నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండులో 2010 నుంచి నిబంధన ఉంది. అడిగాం. జగ్గు, రెండు గాజు గిలాసలు తెచ్చి మా ముందు పెట్టారు. బిల్లు 36 పౌండ్లు, సర్వీస్ చార్జితో 40.50. అమ్మ పద్నాలుగు రోజుల కూలి. కట్టాను. లేచేటప్పుడు నాకు తెలియకుండానే నా గిలాస చేతిలోకి తీసుకున్నాను.

"ఆడ పెట్టక్కా" అన్నాడు తమ్ముడు. పెట్టాను.

ఊరికి వచ్చినంక నాయినకు అంతా చెప్పాను. బిల్లు సంగతి పట్టించుకోలేదు. "మరి ఆ గిలాస ఎవరు కడిగిండ్రు బిడ్డా?" అన్నాడు.

"ఎవరి కొడుకో, నాయినా. మన చిన్నోని అసొంటోడే."

"కడిగినందుకు కూలిస్తరా?"

"ఇస్తరు" అన్నాను.