గాజు స్వభావమా, గాజులో మురికా?

ఈ మధ్య మా ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ బిగించడానికి వచ్చిన కుర్రాడు వైరు చివరను చిన్న మీటరుకి తగిలించి, "మైనస్ ఇరవై ఏడు వస్తోంది సార్, సరిపోదు" అన్నాడు. స్తంభం దూరంగా ఉంది కదా, అందుకేనేమో అన్నాను. అతను ఏమీ మాట్లాడకుండా వైరు మొనను స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టాడు. మైనస్ ఇరవై ఒకటి. "దూరం కాదు సార్, మురికి" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

నేను చదివింది బి.కాం. రక్షణ శాఖ అకౌంట్స్‌లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఫిజిక్స్ రాదు గానీ, నష్టాల లెక్క తెలుసు. ఒక డిపోలో ప్రతి నెలా పెట్రోలు కొంత తక్కువ వచ్చేది. రిజిస్టరులో "ఆవిరి" అని రాసేవారు. పెట్రోలు ఆవిరవుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు. మా పై అధికారి ఒకాయన మాత్రం "ఎంత ఆవిరవుతుంది? ఎవరైనా కొలిచారా?" అని అడిగారు. కొలిపిస్తే ఆవిరి వాటా కొంచెమే. మిగతాదంతా ఒక వాల్వు కారడం వల్ల. పెట్రోలు స్వభావం అని రాసుకున్న నష్టంలో ఎక్కువ భాగం రిపేరు చేయదగ్గదే.

ఇదే ప్రశ్న గాజు గురించి అడిగిన ఇంజనీరు చార్లెస్ కావో. 1933లో షాంఘైలో పుట్టారు. 1948లో కుటుంబం హాంకాంగ్ వెళ్ళింది. లండన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, హార్లో పట్టణంలోని స్టాండర్డ్ టెలీకమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో పరిశోధకుడయ్యారు. 1960లో లేజర్ వచ్చింది. వెలుతురు మీద ఎక్కించి బోలెడు సమాచారం పంపవచ్చని అందరికీ అర్థమైంది. కానీ ఏ దారిలో పంపాలి? గాలిలో పంపితే వాన, మంచు అడ్డం. గాజు పోగులో పంపితే వెలుతురు దారిలోనే చచ్చిపోతోంది.

ఎంతగా చచ్చిపోతోందో చూడండి. అప్పటి గాజులో నష్టం కిలోమీటరుకి సుమారు 1000 డెసిబెల్స్. డెసిబెల్ అంటే భయపడకండి. మేము చక్రవడ్డీ లెక్కలకు వాడిన లాగరిథమ్స్ లాంటివే. 10 డెసిబెల్స్ నష్టమంటే పదో వంతు మిగలడం, 20 అంటే నూరో వంతు మిగలడం. అంటే ఆ గాజులో వంద రూపాయలు వేస్తే 20 మీటర్లు వెళ్ళేసరికి ఒక్క రూపాయి మిగిలేది. ఊరి నుంచి ఊరికి ఫోను మాటేమిటి, పక్కవీధికి కూడా చేరదు. గాజు స్వభావమే అంత అని చాలామంది వదిలేశారు. అమెరికాలో బెల్ లాబ్స్ వాళ్ళు బోలు లోహపు గొట్టాల్లో మిల్లీమీటరు తరంగాలు పంపే పనిలో ఉన్నారు.

కావో ఆ నష్టాన్ని పద్దులుగా విడదీశారు. గాజు అణువుల అమరిక వల్ల వెలుతురు చెదిరిపోయేది ఎంత? గాజులో కలిసిన ఇనుము వంటి మలినాలు పీల్చుకునేది ఎంత? మొదటిది తప్పించుకోలేని ఖర్చు, అదీ చాలా తక్కువ. అసలు దొంగ రెండోది. 1966 జూలైలో జార్జ్ హాక్‌హామ్‌తో కలిసి ప్రచురించిన పత్రంలో నష్టాన్ని కిలోమీటరుకి 20 డెసిబెల్స్ లోపుకి తేవచ్చని, తెస్తే టెలిఫోనుకి పనికొస్తుందని రాశారు. 20 మీటర్లలో ఒక రూపాయి మిగిలేచోట కిలోమీటరు తర్వాత ఒక రూపాయి మిగలాలన్నమాట.

నాకు నచ్చింది ఆ అంకె. తప్పయితే తప్పని తేలిపోయే అంకె. మన బాబాలు, జ్యోతిష్కులు ఎప్పుడూ ఇలాంటి అంకె చెప్పరు.

ఆయన చెప్పి ఊరుకోలేదు. గాజు తయారుచేసే కంపెనీల చుట్టూ తిరిగారు. సిలికా నమూనాలు తెప్పించి కొలిచారు. 1969లో కిలోమీటరుకి సుమారు 5 డెసిబెల్స్ నష్టమే ఉన్న సిలికా ఉందని చూపించారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మారర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు 17 డెసిబెల్స్ పోగు తీసి చూపారు. నేటి మంచి పోగులో నష్టం 0.2. ఇప్పుడు ఆ ఒక్క రూపాయి 100 కిలోమీటర్ల తర్వాత మిగులుతోంది. సముద్రాల అడుగున కేబుల్స్ దీని మీదే నడుస్తున్నాయి. ముహూర్తం చూసి అమెరికా మనవడికి వీడియోలో అక్షతలు చూపించే తాతలకీ ఈ పోగే దిక్కు.

2009లో కావోకి నోబెల్ వచ్చినప్పుడు, మన నరీందర్ సింగ్ కపానీకి అన్యాయం జరిగిందని నేనూ ఆవేశపడ్డాను. తర్వాత ఇద్దరి ఖాతాలూ విడివిడిగా చూశాను. పంజాబులోని మోగాలో పుట్టిన కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి 1954లో గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించారు. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. అది గొప్ప పని, కానీ దగ్గరి దూరాలకు. కిలోమీటర్ల అడ్డంకి దాటే దారి చూపింది కావో. 2021లో భారత ప్రభుత్వం మరణానంతరం కపానీకి పద్మవిభూషణ్ ఇచ్చింది. ఒకరి ఖాతాలో జమ రాయడానికి మరొకరి ఖాతా కొట్టేయనక్కరలేదు.

ఆ 2009 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం కావో ఇవ్వలేదు. ఆయన భార్య గ్వెన్ ఇచ్చారు. అప్పటికే ఆయనకు అల్జీమర్స్. ఆమె దాచలేదు. మరుసటి ఏడాది ఆ జబ్బు గురించి అవగాహన పెంచడానికి ఇద్దరి తరఫున హాంకాంగ్‌లో ఒక ఫౌండేషన్ మొదలైంది. 2018లో కావో చనిపోయారు.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దన్నయ్య గుర్తొచ్చి సిగ్గేసింది. లెక్కల మాస్టారు. చిల్లర లెక్క తప్పడం మొదలైంది. అడిగిందే అడిగేవాడు. బంధువులు ఏలినాటి శని అన్నారు, శాంతి చేయించమన్నారు. నేను వాళ్ళని చూసి నవ్వాను. "డెబ్బై దాటాక మామూలే వదినా" అన్నాను. రెండేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం పాల ప్యాకెట్‌కి వెళ్ళినవాడు రాత్రికి, మేము ఇరవై ఏళ్ళ క్రితం ఖాళీ చేసిన ఇంటి దగ్గర బస్టాపులో దొరికాడు.

డాక్టరు గారు ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. మతిమరుపుకి అవీ కారణం కావచ్చు, అవైతే సరిచేయవచ్చు అన్నారు. అవి కావు. అల్జీమర్స్. పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ రెండేళ్ళ ముందే వచ్చి ఉంటే బ్యాంకు, ఇల్లు వ్యవహారాలు అన్నయ్య చేతే సర్దించేవాళ్ళం. జబ్బని తెలియక వదిన ఆయన్ని కసురుకుని ఉండేది కాదు. ఆవిడ ఇప్పటికీ ఆ మాటే తలుచుకుని ఏడుస్తుంది.

శని అన్నవాళ్ళకీ, వయసు అన్న నాకూ తేడా ఏముంది? ఇద్దరమూ కొలవలేదు.