సీ డ్రైవ్ నిండితే ఫార్మాటే దిక్కా?



"అన్నా, సీ డ్రైవ్ ఎర్రగైంది, డీ డ్రైవ్ సగం ఖాళీ. ఏం చెయ్యాలె?" అని చాలామంది అడుగుతున్నరు. కీసరలో మేం నలుగురం ఉండే రూములో ఒక్కటే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. దాంతో కూడా ఇదే తిప్పలు వచ్చింది, అందుకే వివరంగా రాస్తున్న.

మాది 500 జీబీ డిస్క్. విండోస్‌లో సుమారు 465 జీబీగా కనిపిస్తది. అందులో సీ 100, మిగిలింది డీ. షాపులో చూపిస్తే "ఫార్మాట్ కొట్టాలె, డేటాకు గ్యారంటీ లేదు" అన్నరు. మాకు గుండె ఝల్లుమన్నది. డీలో కులం సర్టిఫికెట్లు, మెమోల స్కాన్లు ఉన్నయి, అవి పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. కానీ మా నాయనమ్మ పాడిన తీజ్ పాటలు కూడా అందులోనే ఉన్నయి. ఆమె ఇప్పుడు లేదు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, ఆ పాటలు ఏ పుస్తకంలో దొరకవు. అందుకే కంప్యూటర్ తిరిగి ఇంటికి తెచ్చుకున్నం.

ముందు అసలు మార్చాల్నా అని చూసుకోండి. డౌన్‌లోడ్స్, వాట్సాప్ వీడియోలు డీకి జరిపి, డిస్క్ క్లీనప్ చేస్తే చాలామందికి అక్కడితోనే పని అయిపోతది. మాకు కాలేదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటది. చాలామంది అక్కడ డీని ష్రింక్ చేసి, సీకి ఎక్స్‌టెండ్ నొక్కబోతే అది పనిచెయ్యదు. కారణం సింపుల్. ష్రింక్ చేస్తే ఖాళీ జాగ డీ చివర్ల వస్తది. సీకి మాత్రం తన కుడిపక్క ఆనుకొనే జాగ కావాలె. పొలం లెక్కనే అనుకోండి, నడుమ వేరే వాళ్ల చెల్క ఉంటే అవతలి జాగ మన గెట్టుల కలవదు.

దారులు రెండు. జీపార్టెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డీని మొత్తం కుడికి జరపొచ్చు. కానీ డేటా అంతా కదలాలె, గంటలు పడ్తది, నడుమ కరెంటు పోతే డేటా పోయే ప్రమాదం ఉంది. మా డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు, వానాకాలం సాయంత్రాలు మీకు తెల్సినవే. అందుకే రెండో దారి పట్టినం: డీని కాపీ చేసి, తీసేసి, మళ్లీ చేసుడు.

దోస్తు దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి డీలో ఉన్న 120 జీబీ కాపీ చేసినం. గంటన్నర పట్టింది. ఫైళ్ల సంఖ్య, సైజు రెండు దిక్కులా సరిచూసినం. పాటలైతే ఒక్కొక్కటి తెరిచి విన్నం. వాటిని ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టినం. ఆ తర్వాత రెండింటినీ కంప్యూటర్ నుంచి పీకేసినం, పొరపాటున వేరే డిస్క్ మీద నొక్కే భయం ఉండదు.

అప్పుడు డీని డిలీట్ చేసినం. ఆ జాగకు నల్లగీత వస్తే 'అన్‌అలొకేటెడ్' అయినట్టు. పాత డిస్కుల్లో లేత ఆకుపచ్చ 'ఫ్రీ స్పేస్'గా మిగులుతది, దాన్ని కూడా ఇంకోసారి డిలీట్ చెయ్యాలె. మాకు అట్లనే అయింది. తర్వాత సీ మీద ఎక్స్‌టెండ్ నొక్కి 1,02,400 అని కొట్టినం. అక్కడ లెక్క ఎంబీల్లో అడుగుతది, అంటే 100 జీబీ. మిగిలిన జాగలో న్యూ సింపుల్ వాల్యూమ్ చేసి మళ్లీ డీ అక్షరమే ఇచ్చినం. పార్టిషన్ పని పది నిమిషాలు కూడా పట్టలేదు. టైమంతా కాపీకే పోయింది.

జాగ్రత్తలు నాలుగు. డీలో సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ పద్ధతి వద్దు. సీ, డీ నడుమ రికవరీ పార్టిషన్ కనిపిస్తే దాన్ని ముట్టకుండా తెల్సినోళ్లను అడగండి. కొత్త ల్యాప్‌టాప్‌లల్లో బిట్‌లాకర్ ఆన్ ఉండొచ్చు, రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. 'డైనమిక్ డిస్క్'గా మారుస్తా అని అడిగితే నో కొట్టండి.

ఒక్క మాట. మన తండాల్లో, గూడేల్లో పెద్దోళ్ల పాటలు, కథలు ఫోన్లల్ల రికార్డు చేసినోళ్లు ఈ గ్రూపుల చాలామంది ఉన్నరు. అవి ఒక్క దగ్గరే ఉంటే లేనట్టే లెక్క. పార్టిషన్ మార్చినా మార్చకున్నా ఈ వారం ఇంకో కాపీ తీయండి. ఉప్పల్, నాచారం, కీసర దిక్కు ఉన్నోళ్లకు ఎక్స్‌టర్నల్ డిస్క్ లేకపోతే కింద రాయండి. ఆదివారం కలిసి చేసుకుందాం.