రెడ్‌వుడ్ అడవిలో చక్రాల ఇల్లు

ఢిల్లీలోని కుతుబ్ మినారు ఎత్తు సుమారు 238 అడుగులు. దాన్ని మీరు స్వయంగా చూసి ఉండకపోయినా, పుస్తకాలలో బొమ్మనైనా చూసి ఉంటారు. ఆ మినారుకు ఒకటిన్నర రెట్లు ఎత్తు పెరిగే చెట్లు ఈ భూమి మీద ఉన్నాయంటే నమ్ముతారా?

అమెరికా దేశపు పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో, పసిఫిక్ మహాసముద్రం పక్కనే సన్నని పట్టీలాగా సాగిన అడవులలో ఆ చెట్లు ఉన్నాయి. వాటిని రెడ్‌వుడ్ చెట్లు అంటారు. అంటే ఎర్ర కలప అని అర్థం. పేరు విని ఇవి మన శేషాచలం కొండలలోని ఎర్రచందనానికి చుట్టాలనుకునేరు! ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. రెడ్‌వుడ్ దేవదారులాగా శంకువులు కాసే జాతి. ఆ అడవికి ఎట్లా వెళ్ళాలో, రాత్రి ఎట్లా మకాం చేయాలో, అక్కడ ఎట్లా మసలుకోవాలో చెబుతాను, వినండి.

అమెరికాలో చాలా కుటుంబాలవారు సెలవులలో అడవికి పోయేటప్పుడు ఇంటిని కూడా వెంట తీసుకుపోతారు. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఆ చక్రాల ఇంటిని ట్రైలర్ అంటారు. వీటిలో పెద్దవి మన బస్సంత పొడుగు ఉంటాయి. కాని రెడ్‌వుడ్ అడవికి పెద్ద ఇల్లు పనికిరాదు. అక్కడి దారులు చెట్ల మానుల మధ్య మెలికలు తిరుగుతూ పోతాయి. మన బండి పట్టలేదని ఎవరూ చెట్టు కొట్టి దారి వెడల్పు చేయరు గదా! అందుకని, ఇన్ని అడుగులకు మించిన ట్రైలర్ ఇక్కడికి తేరాదని ప్రతి మకాం చోటికీ ఒక నియమం ఉంటుంది. అది ముందే తెలుసుకుని బయలుదేరాలి.

చిన్న ట్రైలర్లలోకెల్లా ముచ్చటైనది టియర్‌డ్రాప్. పక్కనుంచి చూస్తే కన్నీటి బొట్టులాగా ముందు గుండ్రంగా, వెనక సన్నగా ఉంటుంది గనక దానికా పేరు వచ్చింది. 1930ల నుంచీ ఇటువంటివి ఉన్నాయి. ఆ రోజులలో చాలామంది వీటిని తమ ఇంటి దగ్గరే ప్లైవుడ్‌తో చేసుకునేవారు. సాధారణంగా నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడుగు ఉంటుంది. లోపల ఇద్దరు పడుకునేందుకు పరుపు ఒక్కటే పడుతుంది. మరి వంటిల్లో? బండి వెనక మూత పైకెత్తితే అదే వంటిల్లు! పొయ్యి, గిన్నెలు, ఉప్పు పప్పుల డబ్బాలు అన్నీ అక్కడ సర్ది ఉంటాయి. వంట చేసేవారు బయట నిలబడతారు. ఎత్తిన మూతే వారికి చూరు. పిల్లలకు పక్కన గుడారం వేస్తే సరిపోతుంది.

ఈ బండికి సామాను ఎత్తడంలో ఒక కిటుకు ఉంది. అది మన ఎడ్లబండి తోలేవారికి ఎప్పటినుంచో తెలుసు. బరువంతా బండి వెనకకు వేస్తే నొగ పైకి లేస్తుంది. బరువంతా ముందుకు వేస్తే ఎద్దుల మెడలు కుంగిపోతాయి. ట్రైలర్‌కూ అంతే. ఇరుసుకు ముందువైపున బరువు కాస్త ఎక్కువ ఉండాలి. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు కారు మీద ఆనితే మంచిది. వెనక బరువు ఎక్కువైతే, వేగంగా పోయేటప్పుడు ట్రైలర్ పాములాగా అటూ ఇటూ ఊగి కారును కూడా పక్కకు లాగేస్తుంది.

కారు వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్ ముక్కు గిన్నెలాగా దాని మీద బోర్లుకుని బిగుసుకుంటుంది. ఒకవేళ అది ఊడినా బండి విడిపోకుండా కింద రెండు గొలుసులను ఇంటూ గుర్తులాగా తగిలిస్తారు. ఇక వెనకకు నడపడం చూడాలి! ట్రైలర్ కుడివైపుకు తిరగాలంటే కారు చక్రాన్ని మొదట ఎడమకు తిప్పాలి. కొత్తవారికి ఇది చిక్కే. చేయి తిరిగేదాకా ఖాళీ మైదానంలో అభ్యాసం చేసి, ఆ తరవాతనే చెట్ల మధ్యకు తీసుకుపోవాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో బయలుదేరారనుకోండి. 1937లో తెరిచిన గోల్డెన్ గేట్ వంతెన దాటి, 101వ నంబరు రహదారి మీద ఉత్తరానికి పోవాలి. 200 మైళ్ళు దాటాక హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కు వస్తుంది. అక్కడ పెద్ద రహదారి విడిచి ఈల్ నది వెంట పాత బాట పట్టండి. దాని పేరు అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్, అంటే మహాకాయుల బాట. 31 మైళ్ళ పొడుగునా అటూ ఇటూ రెడ్‌వుడ్లే! మిట్టమధ్యాహ్నం కూడా సందెచీకటిలాగా ఉంటుంది. కారు కిటికీలోంచి తల పెట్టి చూస్తే మాను కనిపిస్తుందే గాని చివర కనిపించదు. వీటిలో కొన్ని 2,000 ఏళ్ళు దాటినవి. అంటే మన దేశంలో శాతవాహనులు ఏలుతున్న నాటికే అవి మొలకెత్తి ఉన్నాయన్నమాట. అంత చెట్టూ టమాటా గింజంత విత్తనంలోంచి పుట్టింది!

ఈ బాట పక్కన యాత్రికుల కోసం ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. అక్కడ మన ట్రైలర్‌కు తాత వరస అయ్యే బండి ఒకటి ఉంది. చార్లెస్ కెల్లాగ్ అనే ఆయన పక్షుల కూతలను అచ్చంగా అనుకరించి సభలలో వినిపించేవాడు. 1917లో ఆయన, కూలిన రెడ్‌వుడ్ దుంగనొకదాన్ని తీసుకుని, లోపలంతా తొలిచి, గదిలాగా చేసి, దాన్ని ఒక లారీ మీదికి ఎక్కించాడు. దానిలోనే పడక, దానిలోనే వంట! ఆ దుంగ ఇంటిలో ఊరూరా తిరుగుతూ, ఈ చెట్లను కాపాడండని జనానికి చెప్పాడు.

ఆయన ఆరాటానికి కారణం ఉంది. అంతకు ముందు 20 లక్షల ఎకరాలలో ఈ అడవి ఉండేది. యురోక్ మొదలైన ఆదివాసులు తరతరాలుగా దానిలో బతుకుతూ, రెడ్‌వుడ్ మానులను తొలిచి పడవలు చేసుకునేవారు. 1849లో బంగారం కోసం జనం కాలిఫోర్నియా మీద విరుచుకుపడ్డారు. ఊళ్ళు కట్టడానికి కలప కావలసివచ్చింది. రంపాలు మొదలైనాయి. నేడు ఆ పాత అడవిలో నూటికి 5 పాళ్ళు మాత్రమే మిగిలింది. 1918లో ‘సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్’ అనే సంఘం ఏర్పడి, చందాలు పోగుచేసి, తోపుల తరవాత తోపులు కొని ప్రభుత్వానికి అప్పగించింది. 1968లో రెడ్‌వుడ్ నేషనల్ పార్కు కూడా ఏర్పడింది. ఆ పని జరగకపోతే మీరూ నేనూ ఈ చెట్లను బొమ్మలలోనే చూసి ఉండేవాళ్ళం.

ఇక మకాం చోటు చేరుదాం. చదునైన నేల చూసి బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టెలు పెట్టాలి. ఆ తరవాతనే కారు నుంచి ట్రైలర్‌ను విడదీయాలి. మూలల కింద ఊతాలు దించితే ఇల్లు కదలకుండా నిలుస్తుంది. ఇక్కడ కరెంటు తీగా ఉండదు, బండికి తగిలించుకునే నీటి గొట్టమూ ఉండదు. దీపానికి బ్యాటరీ, నీటికి డబ్బాలు మనమే చూసుకోవాలి. వాడిన మురికినీళ్ళు నేల మీద పారబోయకూడదు. పట్టి ఉంచి, అందుకు ఏర్పాటైన చోట ఒంపాలి. మంట వేయాలంటే ఇనుప కట్టు ఉన్న గుంటలోనే వేయాలి. అడవిలో రాలిన పుల్లలు కూడా ఏరరాదు. అవి కుళ్ళి మళ్ళీ నేలకు ఎరువు కావాలి.

నిప్పంటే ఈ చెట్లకు అంత భయం లేదు. వాటి బెరడు ఒక అడుగు దాకా మందం ఉంటుంది. అది సులభంగా అంటుకోదు. 2020 ఆగస్టులో, శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న బిగ్ బేసిన్ అనే రెడ్‌వుడ్ పార్కు పిడుగుల వల్ల పుట్టిన కార్చిచ్చుకు దాదాపు అంతా కాలిపోయింది. చెట్లన్నీ బొగ్గు స్తంభాలలాగా నిలబడ్డాయి. అయితే కొద్ది నెలలలోనే ఆ నల్లని మానుల నిండా పచ్చని చిగుళ్ళు పుట్టుకొచ్చాయి! ఎన్నో దశాబ్దాల కిందట దాచుకున్న ఆహారాన్ని వాడుకుని అవి చిగిర్చాయని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు.

కార్చిచ్చును తట్టుకున్న ఈ అడవికి మీ చేతిలోని రొట్టెముక్క కీడు చేస్తుందంటే ఆశ్చర్యపోతారు. ఎట్లాగో చెబుతాను.

మీరు బల్ల దగ్గర కూర్చుని భోజనం మొదలుపెట్టగానే, నెత్తిన నల్లని కుచ్చు ఉన్న నీలిరంగు పక్షి ఒకటి వచ్చి వాలుతుంది. దాని పేరు స్టెల్లర్ జే. మన కాకికి చుట్టం, తెలివిలోనూ కాకికి తీసిపోదు. దానికి ఒక ముక్క వేయాలని మీకు అనిపిస్తుంది. వేయకండి!

ఇదే అడవిలో మర్రెలెట్ అనే మరొక పక్షి గూడు చేస్తుంది. అది సముద్రపు పక్షి. పగలు సముద్రంలో మునిగి చేపలు పట్టుకుంటుంది. దాని గూడు ఎక్కడుంటుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. చివరకు 1974లో బిగ్ బేసిన్ పార్కులోనే, ఒక పెద్ద డగ్లస్ ఫర్ చెట్టు మీద, నేలకు ఎంతో ఎత్తున అది బయటపడింది. ఈ పక్షి పుల్లలతో గూడు అల్లదు. ముసలి చెట్ల వెడల్పాటి కొమ్మ మీద పెరిగిన నాచులో ఒకే ఒక గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని పొదుగుతాయి. పిల్ల పుట్టాక మైళ్ళ కొద్దీ ఎగిరి చేపలు తెచ్చి పెడతాయి. లేత చెట్లకు అటువంటి కొమ్మలు ఉండవు. అందువల్ల పాత అడవి తరిగినకొద్దీ ఆ పక్షులూ తరిగిపోయాయి.

ఇప్పుడు మీ రొట్టెముక్క సంగతి చూడండి. మకాం చోట తిండి దొరుకుతుందని తెలిస్తే జే పక్షులూ, రావెన్ అనే పెద్ద కాకులూ అక్కడికి గుంపులుగా చేరతాయి. బల్లల దగ్గర తిండి అయిపోగానే కొమ్మలు వెతుకుతాయి. మర్రెలెట్ గుడ్డు కనిపిస్తే పొడిచి తాగుతాయి. పిల్ల కనిపిస్తే ఎత్తుకుపోతాయి. ఆ జంటకు ఉన్నది ఆ ఒక్క గుడ్డే గదా! అందుకని ఇక్కడి పార్కులలో ఒక నియమం పెట్టారు: తిన్న తరవాత బల్ల మీదా కిందా ఒక్క మెతుకు కూడా మిగలరాదు. తినే సరుకంతా అక్కడ ఏర్పాటుచేసిన గట్టి పెట్టెలలో పెట్టి మూయాలి. ఎలుగుబంట్లు రాకుండా కూడా అదే ఉపాయం.

రాత్రి పడుకున్నాక ట్రైలర్ కప్పు మీద టపటపమని చినుకుల చప్పుడు వినిపించవచ్చు. వాన కాబోలు అనుకుని లేచి చూస్తే దారి మీద తడి ఉండదు. ఇది చెట్లు కురిపించే వాన. వేసవిలో ఇక్కడ వానలు లేనట్లే. దానికి బదులు చల్లని సముద్రం మీదినుంచి పొగమంచు వస్తుంది. రెడ్‌వుడ్ సన్నని ఆకులు ఆ మంచును పట్టి, బొట్లు బొట్లుగా తమ వేళ్ళ మీదికే రాల్చుకుంటాయి. ఏడాదిలో అడవికి అందే నీటిలో మూడో వంతు దాకా ఇట్లా వస్తుందని ఒకచోట కొలిచి చూశారు.

తెల్లవారాక ఫౌండర్స్ గ్రోవ్ అనే తోపుకు నడిచి వెళ్ళండి. అక్కడ 1991 మార్చిలో కూలిన డైయర్‌విల్ జెయింట్ అనే మహావృక్షం పడి ఉంది. దాని మొదలు దగ్గర నిలబడి వేళ్ళు చూడండి. సుమారు 360 అడుగుల చెట్టును మోసిన వేళ్ళు ఎంతో లోతుకు దిగి ఉంటాయనుకుంటాం. కాని రెడ్‌వుడ్ వేళ్ళు 6 నుంచి 12 అడుగుల లోతుకే పోతాయి. అవి పక్కలకు వంద అడుగుల దాకా పాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళతో పెనవేసుకుంటాయి. ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది వాటి బతుకు.

వేళ్ళు పైపైనే ఉన్నాయి గనక వాటికి మన అడుగులే గండం. పదిమంది తొక్కిన నేల గట్టిపడుతుంది; వేళ్ళకు గాలీ నీరూ అందవు. ఇక్కడికి ఉత్తరాన ఉన్న రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో హైపీరియన్ అనే చెట్టు ఉంది. మనకు తెలిసినంతలో లోకంలోకెల్లా ఎత్తైన చెట్టు అదే: 380 అడుగులు. 2006లో దాన్ని కనుగొన్నారు. అది ఉన్న చోటుకు బాట వేయలేదు, గుర్తు పెట్టలేదు. అయినా జనం వెతుక్కుంటూ పోయి, చుట్టూ ఉన్న ఫెర్న్ మొక్కలను తొక్కి, నేలను బండబార్చారు. 2022లో ఆ చోటుకు పోవడాన్ని నిషేధించారు. పోతే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు! కనక మీరు వెళ్ళినప్పుడు వేసి ఉన్న బాట దిగకండి. బాట మీదినుంచి కనిపించే చెట్లే మెడలు నొప్పి పుట్టేంత ఎత్తు ఉన్నాయి. వాటిలో కొన్నిటి దగ్గర నేలను తాకకుండా చెక్క వంతెనలు కూడా కట్టారు.

తిరిగి బయలుదేరే ముందు పెద్దలు చేయవలసిన పనులు ఇవి: నిప్పు మీద నీళ్ళు పోసి చేత్తో తాకి చూడాలి. ట్రైలర్‌ను గుండుకు బిగించి, గొలుసులు తగిలించి, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో పరీక్షించాలి. చివరకు చక్రాల అడ్డుకట్టెలు తీయాలి. పిల్లలు చేయవలసిన పని వేరే ఉంది. బల్ల చుట్టూ వంగి వెతికి, రాలిన మెతుకులన్నీ ఏరి సంచిలో వేయాలి. అది చిన్నవాళ్ళకే బాగా చాతనవుతుంది; వాళ్ళ కళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి మరి!