బందరు బజారులో పాత బాకీ

విజయవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్ల దారి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుతూ బస్సు సముద్రం వైపు సాగుతుంది. నా పాత శిష్యుడొకరు కుమారుడు ఖుర్ఆన్ నాజిరా పూర్తి చేసిన సందర్భంగా రమ్మని పిలిచాడు. ఆ పిలుపు అందినప్పటి నుంచి నా మనసులో సంతోషంతో పాటు ఒక బరువు కూడా చేరింది. దాని సంగతి తరువాత మనవి చేస్తాను.

పుస్తకాలలో మచిలీపట్నం, జనం నోట మాత్రం బందరే. పారసీ భాషలో బందర్ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది దక్కనుకు సముద్రద్వారం. ఇక్కడి నుంచి ఎర్రసముద్రపు రేవులకు సాగిన ఓడలలో సరుకులతో పాటు హజ్ యాత్రికులు కూడా ఉండేవారు. ఆ వైభవం గతించింది. నేడు ఈ ఊరి పేరును దూరదేశాలకు మోస్తున్నవి ఓడలు కావు, లడ్డూ పెట్టెలు!

బందరు లడ్డూనే తొక్కుడు లడ్డూ అంటారు. శనగపిండిని కలిపి కారప్పూసలా వత్తి వేయిస్తారు. దానిని రోటిలో దంచి, జల్లించి, బెల్లపు పాకం చేర్చి మళ్ళీ దంచుతారు. నెయ్యి, యాలకుల పొడి కలిపి ఉండలు కడతారు. అంతగా దంచడం వల్లనే నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గోధుమలు నానబెట్టి తీసిన పాలతో, బెల్లంతో, నేతితో గంటల తరబడి కలియబెట్టి చేసే నల్లని హల్వా ఈ ఊరి మరో ప్రత్యేకత.

అయితే నేను బజారులో వెతుకుతున్నది లడ్డూనూ కాదు, హల్వానూ కాదు. జీళ్ళు.

నా వయసు వారికి జీళ్ళను గురించి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతాను. బెల్లం పాకాన్ని బాగా ముదరనిచ్చి పళ్ళెంలో పోస్తారు. చేయి పట్టేంత వేడి మిగిలి ఉండగానే ఆ ముద్దను కొక్కేనికి తగిలించి లాగుతారు. మడిచి మళ్ళీ లాగుతారు. లాగినకొద్దీ ముదురు రంగు పోయి బంగారు ఛాయ వస్తుంది. ముక్కలు కోసి నువ్వులు అద్దుతారు. కొరికితే పళ్ళకు అంటుకుంటుంది. తొందరపడే వాడికి లొంగదు.

మా చిన్నతనంలో జుమేరాత్ నాడు మక్తబ్ విడిచిపెట్టగానే అబ్బా నా చేతిలో అంచులు వంకులు తిరిగిన పది పైసల బిళ్ళ పెట్టేవారు. దానితో పిప్పరమెంట్లు కొనాలా, నిమ్మతొనలు కొనాలా, పీచు మిఠాయి బండి గంట వినిపించే వరకు ఆగాలా అన్నది వారమంతా సాగే ఆలోచన. చివరకు జీడే గెలిచేది. చెల్లెలికి వాటా ఇవ్వాలి గనుక చొక్కా కొసలో చుట్టి కాకి ఎంగిలి చేసేవాణ్ణి. పెద్ద ముక్క ఎవరిదన్న తగవును అమ్మీ తీర్చేది. ఆ పైసలు ఇప్పుడు చెల్లవు. తగవు తీర్చిన అమ్మీ కూడా లేదు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక!

ఇక ఆ బరువు సంగతి.

పాతికేళ్ళ క్రితం నేను ఒక మదరసాలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. క్రమశిక్షణ అంటే కనుబొమలు ముడవడమే అనుకునే వయసు. బందరు నుంచి వచ్చిన పదేళ్ళ బాలుడు సెలవుల తరువాత తిరిగివచ్చి, పాఠం జరుగుతుండగా వెనక వరుసలో ఒక కాగితపు పొట్లం విప్పాడు. జీళ్ళు! "చదువుకోవడానికి వచ్చావా, తినడానికా?" అని గద్దించి, పొట్లం లాక్కుని అల్మారా మీద పెట్టాను. అస్ర్ తరువాత ఇచ్చివేద్దామనే అనుకున్నాను. మరచిపోయాను. నాలుగవ నాడు గోడ మీద చీమల బారు కనిపించింది. ఎవరూ చూడకుండా పారవేశాను.

కొన్నాళ్ళకు తోటి ఉపాధ్యాయుడు చెప్పగా తెలిసింది. ఆ బాలుడు మొదటి పారా ముగించాడని వాళ్ళ నానీ పంపిన జీళ్ళవి. తరగతిలో అందరికీ పంచాలని, మొదటి ముక్క ఉస్తాద్‌కు ఇవ్వాలని చెప్పి పంపిందట. నేను గద్దించినప్పుడు వాడు ఒక్క మాట అనలేదు. తెలిసిన తరువాత నేనూ ఒక్క మాట అనలేదు. పిల్లవాడిని క్షమాపణ అడగడమేమిటి అనుకున్నాను.

ఆ తరువాత ఎన్ని సంవత్సరాలు హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మానవుల హక్కులను గురించి పాఠం చెప్పానో! అప్పు, భూమి, పరువు అని ఉదాహరణలు ఇచ్చాను. జీళ్ళ పొట్లం మాత్రం ఏనాడూ నా నోటికి రాలేదు.

మెరిసే మిఠాయి దుకాణాలలో జీళ్ళు లేవన్నారు. కోనేరు సెంటర్ దాటిన తరువాత, ఒక సందు మొదట్లో, నువ్వుండలు, వేరుశెనగ ఉండలు పేర్చిన తోపుడు బండి మీద దొరికాయి. పెద్ద పొట్లమే కట్టించాను.

భోజనాలయ్యాక శిష్యుడిని పక్కకు పిలిచి పొట్లం చేతిలో పెట్టాను. "బేటా, ఇది నీ బాకీ" అని జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను.

అతడు నవ్వి, "నాకేమీ గుర్తు లేదు హజ్రత్" అన్నాడు. అది మరపో, అదబో నాకు అర్థం కాలేదు. కాసేపు మౌనంగా ఉండి, తల వంచుకునే అన్నాడు: "తరువాతి సెలవులకు ఇంటికి వెళితే నానీ అడిగింది, ఉస్తాద్‌కు జీళ్ళు నచ్చాయా అని. చాలా నచ్చాయని చెప్పాను. ఎంత సంతోషించిందో! ఇప్పుడామె లేదు హజ్రత్."

నేను లాక్కున్నది ఒక మిఠాయి పొట్లమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక ముసలితల్లి సంతోషం చెడిపోకుండా పదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా కాపాడవలసి వచ్చిందని ఆ రోజే తెలిసింది. ఆ తల్లిని అడగడానికి ఇక దారి లేదు. దుఆ ఒక్కటే మిగిలింది.

ఇంతలో అతని కుమారుడు పరుగెత్తుకొచ్చాడు. తండ్రి పొట్లం విప్పి, "మొదటి ముక్క ఉస్తాద్‌కు ఇవ్వు" అన్నాడు. నాకు మధుమేహం. అయినా బిస్మిల్లాహ్ అని చిన్న తునక నోట్లో వేసుకున్నాను. దైవప్రవక్త (సఅసం)కు తీపి పదార్థాలన్నా, తేనె అన్నా ఇష్టంగా ఉండేవని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసును ఎన్నోసార్లు బోధించాను. ఆ ఇష్టాన్ని పిల్లల ముఖాలలో గుర్తించడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇప్పుడు మా మదరసాలో నా అల్మారా లోపల ఒక స్టీలు డబ్బా ఉంది. జుమేరాత్ నాడు అస్ర్ తరువాత దాని మూత తీస్తాను. పిల్లలు వరుసలో నిలబడతారు. వచ్చే వారం మళ్ళీ బెల్లం వాసన వస్తుందన్న ఆశతో ఇంటి మీద బెంగ కొంత మరచిపోతారు. నిన్న ఇద్దరు అన్నదమ్ములు మిగిలిన ఒకే ముక్కను చొక్కా కొసలో చుట్టి కొరకడం చూశాను. ఎవరూ నేర్పకుండానే!