సిన్నోడి బొమ్మ పోనాది!

మీదే ఊరని హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే మా ప్రాంతం వాళ్లం ఒక వరసలో జవాబు చెబుతాం. ముందు సొంతూరి పేరు. అవతలి మనిషికి తెలియలేదనిపిస్తే ‘రాజాం దగ్గర’ అంటాం. అదీ తెలియకపోతే జిల్లా పేరు. మొన్నమొన్నటిదాకా అది శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా. అప్పటికీ దారి దొరక్కపోతే చివరికి ‘వైజాగ్ వైపండీ’ అనేస్తాం. ‘ఓ, వైజాగా!’ అంటూ ఆయన మొహం వికసిస్తుంది. మా మనసు కాస్త చివుక్కుమన్నా మాట మాత్రం ముందుకు సాగుతుంది.

కంప్యూటర్ తెరమీద ఉండే చిన్నచిన్న బొమ్మలు, అదే ఐకాన్లు, కూడా ఇలాగే మెట్టు మెట్టు దిగుతూ దారి వెతుక్కుంటాయట. ఆ సంగతి నాకు మా అబ్బాయి చెప్పాడు. చెప్పాల్సిన అవసరం మా అమ్మవల్ల వచ్చింది.

అమ్మకి చదువు రాదు. గుర్తులొచ్చు. తెలుగులో ‘గుర్తు’ అనే మాటకి రెండర్థాలున్నాయి చూడండి... ఒకటి బొమ్మ, రెండోది జ్ఞాపకం. చదువురానివాళ్లకి ఈ రెండూ ఒకటే. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో నూటికి ఎనభై మందికి పైగా అక్షరం రానివాళ్లే. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద కాడెద్దులు, గుడిసె, మర్రిచెట్టు లాంటి బొమ్మలు అంటించారు. ఏ పార్టీ లేని ఇండిపెండెంట్లకి కూడా ఎన్నికల సంఘం ఏదో ఒక గుర్తు ఇచ్చి తీరుతుంది. బొమ్మ లేకుండా ఎవర్నీ నిలబెట్టదు. ఎంత ముందుచూపో!

కంప్యూటర్‌కి ఆ తెలివి రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1981లో జిరాక్స్ కంపెనీ ‘స్టార్’ అనే యంత్రంలో కాగితం, ఫోల్డర్ బొమ్మల్ని తెరమీదికి తెచ్చింది. 1984లో వచ్చిన యాపిల్ మెకింతోష్ కోసం సుసాన్ కేర్ అనే చిత్రకారిణి గ్రాఫ్ పేపర్ మీద అడ్డంగా 32, నిలువుగా 32 గడులు నింపుతూ బొమ్మలు గీసింది. సంక్రాంతికి మన ఆడవాళ్లు చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేస్తారే, ఇంచుమించు అదే పని.

మా ఇంట్లో మొదట ఉన్నది విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్. పని ఆలస్యమైనప్పుడు తెరమీద ఇసుక గడియారం వచ్చేది. అమ్మకది బుడబుక్కలవాడి డమరుకం. ‘డమరుకం వచ్చింది, కాసేపాగాల’ అనేది. పసుపు రంగు ఫోల్డర్ ఆమె లెక్కలో సంచీ. ఆ బొమ్మలు గీసినవాళ్లు ఏమనుకున్నారో ఆమెకి అక్కర్లేదు. తన అర్థం తను చెప్పుకుంది, దాన్నే గుర్తుపెట్టుకుంది. మస్కట్‌లో ఉన్న మా తమ్ముడితో ప్రతి శుక్రవారం సాయంత్రం వీడియోలో మాట్లాడటానికి ఏ బొమ్మ నొక్కాలో అలాగే నేర్చుకుంది. ఆ బొమ్మకి ఆమె పెట్టిన పేరు ‘సిన్నోడి బొమ్మ’.

2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఆపేసింది. అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అందులో లినక్స్ ఎక్కించాడు. మాట్లాడే ప్రోగ్రామ్ అదే, బొమ్మా అదే, అమ్మకి ఏ ఇబ్బందీ రాలేదు. కొన్నాళ్లకి వాడు ముచ్చటపడి ఐకాన్ల థీమ్ మార్చాడు. థీమ్ అంటే బొమ్మలన్నిటినీ ఒకే తీరులో గీసి పెట్టిన పెట్టె. ఒక్క నొక్కుతో ఇంటికి కొత్త సున్నం వేసినట్టు తెరంతా మారిపోతుంది.

ఆ శుక్రవారం అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని, లేచి వెళ్లిపోయింది. ఒంట్లో బాగోలేదంది. మరుసటి శుక్రవారమూ అంతే. మస్కట్ నుంచి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. ‘‘అన్నయ్యా, అమ్మకి నామీద కోపమొచ్చిందా?’’

బతిమాలితే అప్పుడు చెప్పింది. ‘‘నానేటీ సెయ్యనేదురా బాబూ. సిన్నోడి బొమ్మ పోనాది. నా సెయ్యి తగిలి పాడైపోనాదేమోనని బయమేసి సెప్పనేదు.’’

చూస్తే ఐకాన్ ఉన్న చోటే ఉంది. కాకపోతే సిన్నోడి బొమ్మకి బదులు బూడిద రంగు పళ్లచక్రం కూర్చుంది. అమ్మ గుర్తుపెట్టుకున్నది చోటుని కాదు, బొమ్మని.

ఎందుకలా అయిందో మా అబ్బాయి నాకు విడమరిచాడు. మామూలుగా ప్రోగ్రామ్ ‘ఈ బొమ్మ వెయ్యి’ అనదట. ‘ఫలానా పేరున్న బొమ్మ వెయ్యి’ అంటుంది. ఆ పేరుతో ఉన్న బొమ్మని వెతికి తేవడం డెస్క్‌టాప్ పని. లినక్స్‌లో నోమ్, కేడీఈ అని వేరువేరు డెస్క్‌టాప్‌లున్నాయి. వాటి మధ్య పొత్తు కుదరడానికి 2000లో ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక మొదలైంది. ఐకాన్లు వెతికే పద్ధతిని అక్కడ రాసి పెట్టుకున్నారు. ముందు వాడుతున్న థీమ్‌లో చూడాలి. లేకపోతే ఆ థీమ్ తన తల్లిగా చెప్పుకున్న థీమ్‌లో. అక్కడా లేకపోతే ఆ తల్లికి తల్లి దగ్గర. ఎవరి దగ్గరా దొరక్కపోతే ‘హైకలర్’ అనే ఫోల్డర్‌లో. ఏ థీమ్ ఎంచుకున్నా చివరి గుమ్మం అదే.

పేర్ల విషయంలోనూ ఒక తెలివుంది. ‘ఇన్‌పుట్-మౌస్-యూఎస్‌బీ’ అనే బొమ్మ లేదనుకోండి. చివరి ముక్క తీసేసి ‘ఇన్‌పుట్-మౌస్’ కోసం చూస్తారు. ఏదో ఒక మౌస్ బొమ్మైనా వస్తే మనిషికి విషయం తెలుస్తుంది కదా! పైగా పొరుగు థీమ్‌లో సరిగ్గా కావలసిన బొమ్మే ఉన్నా, సొంత థీమ్‌లో దానికి దగ్గరిది ఉంటే దాన్నే ముందు తీసుకోమంటుంది నియమం. అరువు నగకంటే ఇంట్లో ఉన్న నల్లపూసలే మేలన్నమాట.

ఇంత ఏర్పాటున్నా మా ఇంట్లో పళ్లచక్రం ఎందుకొచ్చింది? ప్రోగ్రామ్ రాసినవాళ్లు కనీసం అటు 48, ఇటు 48 చుక్కల బొమ్మ ఒకటి హైకలర్‌లో పెట్టాలని ఆ నియమావళే చెబుతోంది. ఆ వీడియో ప్రోగ్రామ్ రాసినవాళ్లు పెట్టలేదు. పాత థీమ్ గీసినవాళ్లు తమంతట తాము ఆ బొమ్మ గీసుకున్నారు కాబట్టి అన్నాళ్లూ లోటు తెలియలేదు. కొత్త థీమ్‌వాళ్లు గీయలేదు. దాంతో, ఏ ప్రోగ్రామ్‌కైనా పనికొచ్చేలా ఉంచిన పళ్లచక్రం వచ్చి కూర్చుంది. కంప్యూటర్ దృష్టిలో అది సర్దుబాటు. అమ్మ దృష్టిలో కొడుకు కనిపించకపోవడం.

మా అబ్బాయి పాత బొమ్మ తెచ్చిపెడితే సరిపోయేది. వాడు అంతకంటే మంచి పని చేశాడు. వాళ్ల చిన్నాన్న ఫొటోలో మొహం వరకూ కత్తిరించి, 48 చుక్కలకి కుదించి, ప్రోగ్రామ్ అడిగే పేరే దానికి పెట్టి హైకలర్‌లో ఉంచాడు. అమ్మ దగ్గరకొచ్చి చూసి, ‘‘ఈడు సిక్కిపోనాడు’’ అంది.

అక్షరాలదీ ఇదే కథ. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేనప్పుడు ఉత్తరం నిండా ఖాళీ గళ్లే కనబడేవి. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ‘గౌతమి’ ఫాంట్ ఉండటంతో మనకా బాధ చాలావరకు తగ్గింది. మరి మా కొండల్లోని సవరలకి? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాళ్ల భాష నేర్చుకుని 1931లో దానిమీద పుస్తకం తెచ్చారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి సొర సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. కంప్యూటర్ అక్షరాల ప్రపంచ పట్టిక యూనికోడ్‌లో ఆ లిపి చేరింది 2012లో! మనవైపు సవర పుస్తకాలు ఎక్కువగా తెలుగు లిపిలోనే వస్తాయి. అయినా ఆ లిపిలో రాసేవాళ్లు 76 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. విండోస్ 8తో వచ్చిన ‘నిర్మల’ ఫాంట్‌లో తెలుగు, సొర సొంపెంగ్ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఫాంట్ గానీ అలాంటిది మరొకటి గానీ లేని యంత్రంలో ఆ అక్షరాలు ఈనాటికీ ఖాళీ గళ్లే. ఆ గడికి అర్థం ‘ఇక్కడేదో రాసి ఉంది, నా దగ్గర దాని రూపం లేదు’ అని. చదివేవాడికి మాత్రం అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది.

థీమ్‌లు అందంగా గీసేవాళ్లని అందరూ మెచ్చుకుంటారు. హైకలర్ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మరెక్కడా దొరకని బొమ్మ కోసం చివరిదాకా వచ్చినవాణ్ని ఆదుకునేది అదే.

ఇప్పుడు అమ్మ కంప్యూటర్ జోలికి పోదు, తమ్ముడితో ఫోన్లోనే మాట్లాడుతుంది. ఫోన్లూ తక్కువ తినలేదు. రాత్రికి రాత్రి అప్‌డేట్ అయి, పొద్దున్నకల్లా బొమ్మల రంగూ రూపూ మార్చేస్తాయి. అందుకే మా ఇంట్లో ఇప్పుడొక అలవాటుంది. అప్‌డేట్ అయిన రోజున ఎవరో ఒకరం అమ్మ పక్కన రెండు నిమిషాలు కూర్చుంటాం. మారినవి చూపించి, వాటికి ఆమె ఏం పేర్లు పెడుతుందో వింటాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లెవరైనా ఈమధ్య ఫోన్ పక్కన పడేసి ‘ఒంట్లో బాగోలేదు’ అంటుంటే, డాక్టర్‌తో పాటు ఆ ఫోన్ తెర కూడా ఒకసారి చూడండి.